చదివిపెట్టే మనిషి

మార్చి 2, ఆదివారం

మా ఆడపడుచుకి,

ఇవాళ్టి పనులు: బట్టలు రెండు బాల్చీలు. కిటికీ తెరలు దింపి నానబెట్టి ఉతికాను, ఆరేసరికి సాయంత్రమైంది. మన పిచ్చుక బడి యూనిఫాం చంక దగ్గర విడిపోతే కుట్టాను. మీ అన్నయ్య చొక్కా మీద గ్రీజు మరకని ఉన్న సబ్బులన్నిటితోనూ బతిమాలాను, వినలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషిని కట్టుకుని తెల్ల చొక్కా మీద ఆశ పెట్టుకోవడం నాదే తప్పు. ఇక మిగిలిన పని ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే నువ్వు ఆఫీసులో గుసగుసలాడతావు, నేనిక్కడ ఊఁ కొడతాను, పెట్టేశాక ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలియదు. అందుకే కాగితం.

విషయానికొస్తాను. హెడ్‌మాస్టరు పిలిపించారు.

"మీ అమ్మాయికి కిందటేడాది ఎదుగుదల కనపడలేదమ్మా. ఈసారి చివరి పరీక్షలో కూడా కనపడకపోతే వేరే విభాగానికి పంపాలి. రూలు" అన్నారు.

"ఎంత ఎదగాలి సార్?"

"పెరిగినట్టు ఉండాలి."

నేనేదో గౌను పొడవు అడిగినట్టు చెప్పారు.

ఆ వేరే విభాగం చూసొచ్చాను. బస్సు డిపో వెనక రెండు గదులు. పిల్లలు కాగితం సంచులు అంటిస్తున్నారు. ఆయా మంచి మనిషే, ఓపిగ్గా ముక్కులు తుడుస్తోంది. కానీ గోడల మీద ఎక్కడా ఒక్క అక్షరం లేదు. చదువు ఎప్పుడు చెప్తారంటే, "వీళ్ళకి చదువెందుకమ్మా, కష్టపెట్టడం కాకపోతే" అంది. పదకొండేళ్ళ పిల్లని అక్కడ వదిలి ఎలా రాను?

ఒక మంచి మాట కూడా ఉంది. పిచ్చుక చదువుతోంది. బళ్ళో ప్రత్యేక టీచరమ్మ రోజూ ఒక గంట, ఇంట్లో నేను. నెలల తరబడి అక్షరాలు దాని ముందు ఈగల్లా లేచిపోయేవి. ఇప్పుడు వాలుతున్నాయి. ఇన్నాళ్ళూ పరీక్షల్లో లైబ్రరీ ఆవిడ పక్కన కూర్చుని ప్రశ్నలు చదివిపెట్టేది, ఇది జవాబు మీద వేలు పెట్టేది. అలాంటిది మొన్న మీ అన్నయ్య పాత లిఫ్టులోంచి ఊడదీసిన రేకు బోర్డు తెస్తే, వేలు జరుపుకుంటూ "త-లు-పు-కు ఆ-ను-కో-రా-దు" అని చదివి, లేచి వెళ్ళి తలుపుకి దూరంగా నిలబడింది.

నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా "నాకేది?" అంటోంది. చివర్న నువ్వు రాసే "పిల్లకి ముద్దులు" తనది కాదట, నాదట. దానికి నువ్వొక ఉత్తరం బాకీ. నా లెక్కల్లో రాసిపెట్టాను.

మీ వదిన

*

మార్చి 8

వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం బస్సులో చదివాను. కూర్చోవడానికి చోటు దొరికిన రోజు కాబట్టి చదవగలిగాను. ఈ నెలంతా మాకు ఊపిరి సలపదు. స్కూళ్ళన్నిటి నుంచీ వచ్చి పడ్డవి, నా బల్ల మీద ఒక్కో పిల్లకీ ఒక్కో కాగితం. దాని మీద ఏడాది మొదట్లో ఒక చుక్క, చివర్లో ఒక చుక్క, మధ్యలో గీత. గీత పైకి వెళ్తే ఒక దొంతర, వెళ్ళకపోతే ఇంకో దొంతర. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మూసుకున్నా గీతలే. వినపడని పిల్లవాడు, చెయ్యి తిరగని పిల్ల, మాట రాని పిల్ల, అందరూ చివరికి గీతలే అవుతారు. ఇంటికొచ్చి నేల ఊడుస్తుంటే చీపురు కూడా గీతలే గీస్తుంది.

పరీక్ష సంగతి. అటు కిందటేడాది నువ్వు వరండా కిటికీ దగ్గర నిలబడి పెదాలు కదిపిన ఘనకార్యం నాకు మరుపు రాలేదు. పక్క బెంచీ పిల్లలు కూడా నీ నోరు చూసి రాశారట కదా! అలా వచ్చిన మార్కులు ఆ ఏడాదికి పనికొచ్చినా మరుసటేడాది మెడకి చుట్టుకుంటాయి. ఈసారి మాత్రం దాని దగ్గర ఎవరి సాయమూ ఉండకూడదు. అది తనంతట తాను చేసిందే లెక్క. ఒట్టు పెట్టమనను కానీ పెట్టినట్టే అనుకో.

పిచ్చుక బోర్డులు చదవడం సంతోషం. దానికి కూడా రాస్తాను, నువ్వు చదివి వినిపిద్దువుగాని. అన్నయ్యని నడుం చూసుకోమను.

నీ ఆడపడుచు

*

మార్చి 19, బుధవారం

మా ఆడపడుచుకి,

పనులు: గ్యాసు పొయ్యి విప్పి కడిగాను. దుప్పట్లు ఎండేశాను. ఇస్త్రీ సగంలో ఆగింది, కరెంటు పోయింది. నిన్న ఏ పనీ చెయ్యలేదు. నిన్న పరీక్ష.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఎవరి సాయమూ లేదు. ప్రత్యేక టీచరమ్మ శిక్షణకని వేరే ఊరు వెళ్ళింది, అందుకని ఆఫీసులో పెట్టాల్సిన సంతకం నేనే పెట్టాను. నన్ను నేను నమ్మలేక, కిటికీ కనపడనంత దూరం పోయి, వీధి అవతల జిరాక్సు కొట్టు అరుగు మీద కూర్చున్నాను. కొట్టతను "ఏం కాపీ తియ్యాలమ్మా?" అని అడిగీ అడిగీ విసుగొచ్చి మానేశాడు.

బయటికొచ్చినప్పుడు దాని ముక్కు మీద ఇంకు. కాళ్ళు తడబడేంత అలసట. "చాలా ఉంది అమ్మా. నేనే" అంది. ఇంటికొచ్చి అన్నం ముందే నిద్రపోయింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఒక పరీక్ష అయ్యాక నాకు సిగ్గుగా అనిపించలేదు.

నీ బాకీ అలాగే ఉంది. చదివి వినిపించమన్నావు. నీకు తీరిక లేదని తెలుసు, అందుకే ఎక్కువ రాయను.

మీ వదిన

*

ఏప్రిల్ 16, బుధవారం

మా ఆడపడుచుకి,

పనులు చేశాను, ఏవి చేశానో గుర్తులేదు. అలా ఎప్పుడూ జరగదు నాకు.

పిచ్చుకకి నలభైకి పదమూడు. ఏడాది మొదట్లో ఇరవై రెండు. హెడ్‌మాస్టరు కాగితం తిప్పి చూపించారు, నువ్వు చెప్పిన గీత. అది మెట్లు దిగినట్టు దిగింది. నేను ఏదో లెక్క తప్పిందనుకుని మళ్ళీ చూడమన్నాను.

"మళ్ళీ చూస్తే పెరగదమ్మా" అన్నారు.

సెలవులయ్యాక బస్సు డిపో వెనక్కి. దానికింకా చెప్పలేదు. ఇవాళ పొద్దున కూడా పళ్ళ పేస్టు డబ్బా మీద రాసిందంతా చదివి నాకు వినిపించింది. చదవగలిగే పిల్లకి మార్కులు తగ్గడమేమిటి? నాకు బుర్ర పనిచెయ్యడం లేదు.

మీ అన్నయ్య రాగానే చెప్తే చేతులు కూడా కడుక్కోకుండా కూర్చుండిపోయారు. తర్వాత అన్నారు: "లిఫ్టు రెండు అంతస్తుల మధ్యలో ఉన్నప్పుడు బయట దీపం కింది అంతస్తునే చూపిస్తుంది. నిలబడ్డవాళ్ళు అది కదల్లేదనుకుని మీట నొక్కుతూనే ఉంటారు. లోపలున్నవాడికే తెలుస్తుంది." నేను "మీ లిఫ్టులు ఆపండి" అని కసురుకున్నాను. ఆయన లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

ఆ కాగితాలన్నీ మీ ఆఫీసుకే కదా వస్తాయి. నువ్వొకసారి చూడు. ఎక్కడో పొరపాటుంటుంది. దిద్దగలిగితే దిద్దు. ఇంతకు ముందు నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

మీ వదిన

*

ఏప్రిల్ 22

వదినా,

ఏం రాయాలో తోచక ఇది మూడో కాగితం.

చుట్టాల పిల్లల కాగితాలు మేం ముట్టుకోకూడదు. పిచ్చుకది నా బల్ల మీదికి రాదు, పక్క గదిలో ఇంకొకరి దగ్గరికి వెళ్తుంది. వెళ్ళి అడగొచ్చు. అడిగితే నా మాట కాదనరు కూడా. అందుకే అడగను. అడిగి దిద్దించుకున్న గీత నిలబడదు, నా చేతుల మీదుగా పోయిన మిగతా పిల్లల గీతలు కూడా అబద్ధమైపోతాయి. నువ్వు నా మీద కోప్పడతావు. కోప్పడు.

నాకు తోచింది చెప్తాను. అంత పడిపోయిందంటే పిల్ల అలసిపోయి ఉంటుంది. నువ్వూ టీచరమ్మా కలిసి దాని మీద ఎక్కువ బరువు పెట్టారేమో. అలాంటి గీతలు చూశాను. ఒక్కోసారి పెద్ద స్కూలు ఆ పిల్లలకి మోయలేనిదవుతుంది. ఆ రెండు గదుల్లోనూ మంచివాళ్ళే ఉంటారు వదినా. ముక్కు తుడిచే మనిషి దొరకడం కూడా తక్కువేం కాదు. కాస్త ఊపిరి తీసుకోనివ్వు దాన్ని, నిన్ను కూడా.

అన్నయ్యకి చెప్పు, మా ఆఫీసు నిండా ఉన్నది ఆ మీట నొక్కేవాళ్ళమేనని.

పిల్లకి ముద్దులు.

నీ ఆడపడుచు

*

ఏప్రిల్ 27, ఆదివారం

ఆడపడుచు గారికి,

పనుల సంగతి మీకెందుకు, అవి రోజూ ఉండేవే.

మా మీద దయతో సలహా ఇచ్చినందుకు సంతోషం. పిల్ల మీద బరువు పెట్టానన్నారు. పెట్టాను. దాని వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టాను. మీలాగా దూరం నుంచి ముద్దులు రాస్తే సరిపోయేదే, నాకు ఆ సౌకర్యం లేదు.

దిద్దమన్నది దొంగతనంగా కాదు. పొరపాటుంటేనే దిద్దమన్నాను. మీకు నా మాట కంటే కిటికీ దగ్గర నా పెదాలే ఎక్కువ గుర్తున్నాయి. ఆ కిటికీ కోసమే కదా ఈసారి మీరు చెప్పినట్టు చేసింది! ఎవరి సాయమూ వద్దన్నారని, లైబ్రరీ ఆవిడ ఎప్పటిలా వచ్చి పక్కన కూర్చోబోతుంటే నేనే "మా అమ్మాయి తనే చదువుకుంటుందండీ, మీరు వెళ్ళండి" అని పంపించేశాను. చదివిపెట్టే మనిషి అక్కర్లేదని సంతకం పెట్టాను. గుమాస్తా "ఖాయమేనా?" అని అడిగాడు. "ఖాయమే" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. ప్రతి ప్రశ్నా అదే చదువుకుంది, గంట కొట్టేదాకా. అంత నిజాయితీగా రాయిస్తే దక్కింది బస్సు డిపో.

ఇకమీదట మీ సలహాలు మీ ఆఫీసులోనే ఉంచుకోండి.

ఇట్లు,
వదిన

*

మే 1

వదినా,

నీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, కూర్చుని పూర్తిచేశాను.

చదివిపెట్టే మనిషిని పంపించేశావా? అయ్యో వదినా! నేను వద్దన్నది కిటికీ దగ్గర నిన్ను. ఆవిడని కాదు. ఆవిడ సాయం కింద రాదు. కళ్ళజోడు పెట్టుకున్నవాడిని జోడు తీసి చదవమంటామా? అలాంటిదే ఇదీ. అది మా ఆఫీసులో అందరికీ తెలిసిన విషయం, నీకూ తెలుసన్నట్టు నేను రాసిపారేశాను.

ఇప్పుడు విను. ఏడాది మొదటి పరీక్షలో ప్రశ్నలు ఆవిడ చదివింది, పిచ్చుక జవాబు చెప్పింది. చివరి పరీక్షలో చదవడమూ పిచ్చుకదే, జవాబూ పిచ్చుకదే, సమయం మాత్రం అంతే. మొదటిసారి స్టూలు మీద నిలబెట్టి ఎత్తు కొలిచి, రెండోసారి నేల మీద నిలబెట్టి కొలిచి, పిల్ల పొట్టిదైపోయింది అన్నట్టుంది. ఆ రెండు చుక్కల మధ్య గీత గీయడానికే వీల్లేదు.

నేను వేలు పెట్టను. అక్కర్లేదు కూడా. జవాబు పత్రం చూసే హక్కు మీకుంది, స్కూల్లో రాసిస్తే చూపిస్తారు. ఎన్ని ప్రశ్నల దాకా వెళ్ళిందో, అందులో ఎన్ని సరైనవో చూడు. టీచరమ్మ చేత, రెండు పరీక్షలూ ఒకే తీరుగా జరగలేదని, పోల్చకూడదని రాయించు. విభాగం మార్పులు చూసే స్కూలు కమిటీకి అది ఈ నెలాఖరు లోపల చేరాలి. ఆలస్యం చెయ్యకు.

ఇంకొకటి. మార్చిలో నువ్వు పిచ్చుక చదువుతోందని రాస్తే, రేకు బోర్డు చూసీ చూసీ బట్టీ పట్టిందనుకున్నాను. రోజంతా ఎదుగుదల కొలిచేదాన్ని అయ్యుండి, నా మేనకోడలు చదువుతోందని చెప్తే "చదివి వినిపిద్దువుగాని" అని రాశాను. నువ్వు "గారు" అన్నది సబబే. కానీ ఒక్కసారి చాలు, మళ్ళీ అనకు.

నీ ఆడపడుచు

*

మే 29, గురువారం

మా ఆడపడుచుకి,

పనులు: నీళ్ళ డ్రమ్ము కడిగాను. పాత పరుపు విప్పి దూది ఎండబెట్టాను. స్కూలుకి వెళ్ళొచ్చాను, ఈ నెలలో ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.

జవాబు పత్రం చూశాను. పదిహేడో ప్రశ్న దాకా పెన్సిలు గుర్తులున్నాయి. ఆ తర్వాత అంతా ఖాళీ. చెరిపింది లేదు, కొట్టేసింది లేదు, అక్కడిదాకా రానేలేదు. ఆ పదిహేడులో పదమూడు సరైనవి. టీచరమ్మ అది చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను ఆ రోజు ఊళ్ళో ఉంటే బాగుండేది" అంది. "నేను ఆ రోజు ఊళ్ళో లేకపోతే బాగుండేది" అన్నాను. ఇద్దరం నవ్వాం, నవ్వే ఓపిక లేకపోయినా.

పిచ్చుకని అడిగాను, మిగతావి ఎందుకు చెయ్యలేదని. "చేస్తున్నా. గంట కొట్టేశారు" అంది, గంట కొట్టినవాళ్ళదే తప్పన్నట్టు.

కమిటీ వాళ్ళు నలుగురు. చాలాసేపు కాగితాలు అటూ ఇటూ మార్చుకున్నారు. చివరికి హెడ్‌మాస్టరు, "ఈ ఏడాది లెక్కలోకి రాదమ్మా. అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అన్నారు.

"అంటే పెరిగినట్టా, తగ్గినట్టా?"

"రెండూ కాదు. కొలవనట్టు."

సంతోషించాలి. అక్కడే ఉంటుందన్నారు కదా, దానికోసమే కదా వెళ్ళింది. కానీ మెట్లు దిగుతుంటే ఉసూరుమనిపించింది. ఏడాదంతా వేలు జరుపుకుంటూ నేర్చుకున్నది ఏ కాగితం మీదా చుక్కంత కూడా లేదు. మళ్ళీ జూన్‌లో మొదటి చుక్క, మళ్ళీ మార్చిలో రెండో చుక్క. నాకు నలభై ఎనిమిదేళ్ళు. దానికి పద్దెనిమిది వచ్చేదాకా ఇలా ఎన్ని గీతలు చూడాలో.

వచ్చే ఏడాది చదివిపెట్టే మనిషి కావాలా వద్దా అని టీచరమ్మ దాన్నే అడిగింది. మా ఇద్దరికీ అడగాలని ఇన్నాళ్ళూ తోచలేదు చూడు. ఇది గోడకేసి చూస్తూ ఆలోచించి, "లెక్కలకి కావాలి. కథకి వద్దు" అంది. అలాగే రాసుకున్నారు, సమయం కూడా ఎక్కువిస్తామన్నారు. రెండు పరీక్షలకీ అదే తీరు.

నీ మీద కోపం పోయింది. మీ అన్నయ్య "నా లిఫ్టు మాట విన్నారా ఎవరైనా?" అని ఇల్లంతా తిరుగుతున్నారు. ఆయన్ని భరించడం కూడా పనుల్లో రాసుకోవాలి.

మీ వదిన

*

జూన్ 7

వదినా,

ఈ కవరు లోపల ఇంకో కవరు ఉంది. అది నీది కాదు. తెరవకు. చదివి వినిపించకు. అక్షరాలు పెద్దవిగా రాశాను, వాక్యాలు చిన్నవి. నాలుగుసార్లు చింపి రాశాను. అంత కష్టపడి నేను ఏ నివేదికా రాయలేదు.

నీ ఆడపడుచు

*

జూన్ 15, ఆదివారం

మా ఆడపడుచుకి,

పనులు: బట్టలు ఒక బాల్చీ. కొత్త యూనిఫాం అంచు దింపి కుట్టాను, పిల్ల పొడుగైంది. దానికి కమిటీ అక్కర్లేదు, గౌను చాలు. మిగతా పనులు ఆపి గుమ్మం దగ్గర కూర్చున్నాను, ఎందుకో చెప్తాను.

కవరు ఇచ్చి "అత్త నీకు రాసింది" అన్నాను. తన పేరు చూసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. భోజనాలయ్యాక మొదలుపెట్టింది, తీగ మీద బట్టలు ఆరిపోయినా ఇంకా చదువుతూనే ఉంది. గుమ్మం దాకా ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. "ఆ-రో... అం-త-స్తు..." మళ్ళీ మొదటికి. లోపలికి వెళ్ళి చదివిపెట్టాలని నా కాళ్ళు ఎంత లాగాయో నీకు తెలియదు. తలుపుకు ఆనుకోకుండా కూర్చున్నాను.

ఒక్కసారే బయటికొచ్చింది. కాగితమంతా అరచేత్తో మూసేసి, ఒక్క మాట మాత్రం వదిలిపెట్టి, "ఇదేంటి?" అంది.

"క్షమించు" అని చదివాను.

"అంటే?"

చెప్పాను. "ఎందుకు?" అంది.

"నన్నడక్కు. ఉత్తరం నీది. అత్తనే అడుగు."

కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకేముందో నాకు తెలియదు. మీ అన్నయ్య అడిగితే "అది నాది" అందట. ఆయన్ని మాత్రం, నువ్వుండే ఆరో అంతస్తుకి లిఫ్టు ఉంటుందా అని అడిగిందట. ఇప్పుడు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. రెండు మాటలయ్యాయి. ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు, నువ్వు తొందరపెట్టకు.

నా లెక్కల్లో మార్చి నుంచి ఉన్నది ఇవాళ కొట్టేశాను. పిచ్చుకకి మేనత్త ఇవ్వాల్సిన ఉత్తరం ఒకటి: ముట్టింది. బాకీ చెల్లు.

మీ వదిన